నిన్నటి కూర

గిన్నె మూత తీయగానే పుల్లటి కంపు వంటక్క మొహానికి కొట్టింది. నిన్న మధ్యాహ్నం చర్చి కమిటీవాళ్లు చేసుకున్న విందులో మిగిలిన కూర అది. పైన నురగ తేలింది. గరిటె పెట్టి ఎత్తితే తీగలు సాగింది. బయట వరండాలో, ప్రతి ఆదివారం చర్చి పెట్టే ఉచిత భోజనం కోసం నలభైమంది పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ఇది పాసిపోయింది, పారబోస్తున్నా. అరగంటలో వేరే కూర దించేస్తా" అంది సంఘ పెద్దతో.

ఆయన ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గిన్నెలోకి తొంగిచూశాడు. ముక్కయితే మూసుకున్నాడు గానీ నోరు మూసుకోలేదు.

"దేవుడిచ్చింది పారబోస్తారా సిస్టర్! వేడిచేసి కాస్త మసాలా దట్టించండి. ఆకలి రుచెరుగదు. నేను ప్రార్థన చేసి ఇస్తాగా, ఎవరికీ ఏమీ కాదు."

కూర కన్నా ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది వంటక్కకి. మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేది. ఇవాళ మాత్రం పళ్లెంలో గరిటెడు కూర వేసుకుని వరండాలోకి నడిచింది. అందరి ముందూ ఒక కుర్చీ లాగి, వెనకే వచ్చిన పెద్దాయన చేతికి ఆ పళ్లెం అందించింది.

"కూర్చోండయ్యా. మొదటి ముద్ద మీరు తినండి. ప్రార్థన నేను చేస్తా."

నలభై తలలూ ఆయన వైపు తిరిగాయి.

"నేనివాళ ఉపవాసం సిస్టర్" అన్నాడాయన, మీసానికంటిన కేకు పొడి తుడుచుకుంటూ.