పొగరాణి మొహం

రోడ్డు పక్కన తెల్ల వ్యాను నిలుపుకుని, వచ్చే పోయే బళ్లకి పొగ పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. బండి వెనక గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చి, యాక్సిలరేటరు తొక్కమని డ్రైవరుకి చెయ్యూపి, యంత్రం మీద అంకె చూసి చీటీ ఇవ్వాలి. అంకె హద్దు దాటిందంటే చీటీ లేదు. బతిమాలినా లేదు, కసిరినా లేదు. అందుకే లారీవాళ్లు ఆమెకి పొగరాణి అని పేరు పెట్టారు. పొగకి రాణి అని అన్నారో, పొగరు చూసి అన్నారో వాళ్లకే తెలియాలి. ఆమెకి మాత్రం ఆ పేరు నచ్చింది.

తొమ్మిదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పదో ఏడు ఎండలు ముదిరేసరికి ఆమె బుగ్గలు మంటపెట్టడం మొదలైంది. కొన్నాళ్లకి పొట్టు లేచింది. ఆ తర్వాత ముక్కుకి రెండు పక్కలా, నుదుటి మీదా నల్లటి మచ్చలు తేలాయి. గట్టిగా నవ్వితే చర్మం చిట్లినట్టుండేది.

"అంతా ఆ మాయదారి పొగే," అని అత్తగారు తేల్చేసింది.

ఆవిడ ఒక పెద్ద హోటలు వంటగదిలో ఇరవై ఏళ్లు గిన్నెలు తోమి, ఆ ఏడాది మొదట్లోనే మానేసిన మనిషి. మసి కనబడితే చేతులు ఊరుకోవు. పని మానేసిన దగ్గర్నుంచీ, కోడలు సాయంత్రం గడప తొక్కేసరికి వేణ్నీళ్లు, బట్టల సబ్బు, గరుకు గుడ్డ పట్టుకుని నిలబడేది. "దా, ముందు ఆ నలుపు వదిలిద్దాం," అని కూర్చోబెట్టి రుద్దేది. ఆ పైన ఉప్పు కలిపిన నిమ్మరసం. మచ్చలు పెరిగినకొద్దీ రుద్దుడూ పెరిగింది. పొద్దున డ్యూటీకి వెళ్లేముందు కూడా, పొగ అంటకుండా ఉంటుందని, మరో పూత నిమ్మరసం వేసి పంపేది. కోడలు పళ్లు బిగబట్టి ఓర్చుకునేది. అంత ప్రేమగా చేస్తుంటే వద్దని ఎలా చెప్పడం?

ఒకరోజు అత్తగారు తువ్వాలు పక్కన పెట్టేసి, "ఇక నావల్ల కాదమ్మాయ్. ఆ ఉద్యోగం మానెయ్," అంది.

కోడలికి అంతకన్నా పెద్ద భయం ఒకటుంది. అద్దంలో అన్నిటికన్నా నల్లగా ఉన్న మచ్చను చూసినప్పుడల్లా ఆమెకి ఒక జబ్బు పేరు మనసులో మెదిలేది. దాన్ని మొగుడి దగ్గర కూడా పైకి అనలేదు. మర్నాడు వ్యాను నడిపే పెద్దాయన, ఆమె బాబాయి అని పిలిచే మనిషి, ఆమె మొహం చూసి, "అమ్మా, నువ్వు ఇవాళ బళ్లని కాదు, ముందు నిన్ను పరీక్ష చేయించుకో. సెలవు పెట్టు," అన్నాడు. అత్తగారు తోడు వస్తానంది.

చర్మం డాక్టరు నెరిసిన జుట్టున్న ఆవిడ. భూతద్దం పెట్టి మచ్చల్ని ఒక్కొక్కటే చూసింది.

"మొహానికి ఏం వాడుతున్నారు?" అని డాక్టరు అడిగింది.

కోడలు అత్తగారి వైపు చూసి నీళ్లు నమిలింది. అత్తగారికి అలాంటి మొహమాటం లేదు. "నేను చెబుతానండీ. అంతా నా చేతి మీదుగానే జరుగుతుంది," అని వేణ్నీళ్ల దగ్గర్నుంచి నిమ్మరసం దాకా పూస గుచ్చినట్టు చెప్పింది. "రోజూ రెండు పూటలా. ఒక్కరోజు కూడా తప్పలేదు!"

డాక్టరు కలం కింద పెట్టేసింది. "అమ్మగారూ, పొగ చేసే చెడు పొగ చేస్తుంది. నేను కాదనను. కానీ ఈ మంటా, ఈ పొట్టూ మీ తోముడు వల్ల. చర్మం మీద పలచటి పొర ఉంటుంది. పొగనీ దుమ్మునీ లోపలికి రాకుండా ఆపేది అదే. మీరు రోజూ దాన్నే గీకేస్తున్నారు. పైగా నిమ్మరసం పూసి ఎండలోకి పంపుతున్నారు. మచ్చలు రాక ఏం చేస్తాయి?"

"అంటే... ఇది పెద్ద జబ్బు కాదా?" అంది పొగరాణి.

"కాదమ్మా. తగ్గిపోతుంది. మచ్చలు పోవడానికే కొన్ని నెలలు పడుతుంది."

"ఉద్యోగం?"

"ఎందుకు మానడం? మొహం కప్పుకుని చేసుకోండి."

పొగరాణి పైకే నవ్వేసింది. నవ్వగానే బుగ్గలు చురుక్కుమన్నాయి, అయినా ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ నవ్వింది. అత్తగారు మాత్రం నేల చూపులు చూస్తోంది. డాక్టరు అది గమనించి, "మీ చేతులు ఇలా ఇవ్వండి," అంది. వేళ్ల కణుపుల దగ్గర పాత పగుళ్లు, గీతలు. "మీదీ అదే కథ. ఒకటే క్రీము, ఇద్దరికీ రాస్తున్నాను," అంది.

ఇల్లు చేరాక అత్తగారు వంటింట్లో నిలబడి, "నా చేతులతో నేనే నీ మొహం పాడుచేశాను కదే," అంది.

"అయ్యో, అత్తయ్యా! జబ్బు లేదన్నారు, ఉద్యోగం పోదన్నారు. ఇంతకన్నా ఏం కావాలి? మీరు నా మొహాన్ని గిన్నె అనుకున్నారు. అంతేగా!"

అత్తగారు ఏడవబోయి కిసుక్కున నవ్వింది. "గిన్నె అయితే ఈపాటికి తళతళలాడేది," అంది.

ఆ తర్వాత అన్నీ తేలికైన పనులే. సాయంత్రం ఒక్కసారి మెత్తటి సబ్బుతో, చల్లటి నీళ్లతో కడిగి క్రీము రాయడం. పొద్దున ఎండ తగలకుండా ఇంకో క్రీము. వెడల్పు అంచు టోపీ, ముక్కుకి మాస్కు, బుగ్గలకీ మెడకీ పలచటి నూలు గుడ్డ. బాబాయి గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ ఆమె మీదికి రాకుండా వ్యాను నిలిపేవాడు. మొహం కప్పుకునే సరికి లారీవాళ్లు మొదట పోల్చుకోలేకపోయారు. ఒకడు, "కొత్తమ్మా, పాతావిడ చాలా కఠినం, నువ్వు కొంచెం చూసీచూడనట్టు పో," అన్నాడు. ఆమె అంకె చూసి, చీటీ లేదంది. "అమ్మో, ఆవిడే!" అంటూ వాడు బండెక్కాడు.

తోమే పని లేక అత్తగారు మొదటి వారం కాలు కాలిన పిల్లిలా తిరిగింది. రెండో వారానికి మంట పూర్తిగా పోయింది. మూడు నెలలయ్యాక డాక్టరు మళ్లీ భూతద్దం పెట్టి చూసి, మచ్చలు సగానికి సగం వెలిసిపోయాయనీ, ఇలాగే జాగ్రత్తగా ఉంటే చాలు, ఇక రానక్కర్లేదనీ చెప్పింది.

బయట అప్పుడే వాన వెలిసింది. రోడ్డు కడిగినట్టుంది. ఇంటికి రెండు స్టాపుల ముందే అత్తాకోడళ్లు బస్సు దిగేశారు. తొందరేమీ లేదు. అత్తగారు చెప్పుల కొట్టు ముందు ఆగి, అది బాగుంది ఇది బాగులేదంటూ ఏదీ బేరమాడకుండానే చాలాసేపు మాట్లాడింది. పొగరాణి మొహానికి ఏమీ కట్టుకోకుండా చల్లగాలిలో నిలబడి, అవునంటూ, కాదంటూ వింటూ ఉండిపోయింది.