చెత్త అనుకున్న లేయరు

మా ఆయన షఫీక్‌ని తెనాలిలో అందరూ 'ఫైలు డాక్టరు' అంటారు. ఇంటి ప్లాను గీసిన కంప్యూటరు ఫైలుకి ఊబకాయం వచ్చి తెరుచుకోకపోయినా, తెరుచుకున్నాక మెషీను బిగుసుకుపోయినా, సీడీ పట్టుకుని మా షాపుకే వస్తారు. బాపట్ల నుంచీ వస్తారు, రేపల్లె నుంచీ వస్తారు. ఆయన చేతిలో పడితే నలభై ఎంబీల ఫైలు ఒక్క ఎంబీ కూడా మిగలదు. ఆ తగ్గింపు చూసి ఎదుటివాడు నోరు వెళ్లబెడితే ఆ పూట మా ఆయనకి అన్నం అక్కర్లేదు. నేను పక్క కుర్చీలో శుభలేఖలు, కరపత్రాలు టైపు చేస్తుంటాను కాబట్టి ఆ వైభవం రోజూ చూడక తప్పదు.

అందులో పెద్ద మాయేమీ లేదు. మా వైపు ప్లాన్లు గీసేవాళ్లు కొత్త ఇంటిని కొత్త ఫైల్లో మొదలుపెట్టరు. పోయిన నెల గీసిన ఇంటినే వేరే పేరుతో సేవ్ చేసుకుని, దాన్ని చెరిపి, అక్కడే కొత్తది గీస్తారు. పైకి చెరిగిపోయినా పాత ఇంటి కిటికీలు, తలుపులు, అక్షరాల రకాలు లోపల దాక్కునే ఉంటాయి. అలా ఇల్లు మీద ఇల్లు చేరి, ఒకనాటికి ఫైలు నడవలేక కూలబడుతుంది.

2007 ఎండాకాలంలో నాగశివ తెచ్చిన ఫైలు కూడా అలా కూలబడిందే. అతను డిప్లొమా చదివి బాపట్లలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. అడవులదీవిలో అక్క దుర్గాదేవి కట్టుకోబోయే మూడు గదుల ఇంటికి తనే ప్లాను గీశాడు. ఆ ఫైలు కడుపులో చెరుకుపల్లి కల్యాణమండపం ఉంది, పిట్టలవానిపాలెం రైసుమిల్లు ఉంది, ఎవరిదో పెట్రోలు బంకు కూడా ఉంది. గోరంత ఇంటికి కొండంత ఫైలు. రేపల్లెలో ప్రింటుకిస్తే వాళ్ల మెషీను ఆగిపోయింది. మళ్లీ తెరవబోతే ఫైలు పాడైందని చూపించిందట.

"మా అక్క ఇల్లండి సార్. పంచాయితీలో ప్లాను ఇవ్వాలి. ఎలాగైనా బతికించండి," అన్నాడు నాగశివ.

"బతికించడమేంటి, పరిగెత్తిస్తాను. టీ తాగి రా," అన్నాడు మా ఆయన.

అనుకున్నట్టే ఫైలు తెరుచుకుంది. కంప్యూటరు ప్లాను అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగు కాగితాల లాంటిది. ఒక్కో కాగితాన్నీ లేయరు అంటారు. గోడలు ఒక లేయరు, కొలతలు ఒక లేయరు. అక్కర్లేనప్పుడు ఏ లేయరునైనా కనపడకుండా మూసెయ్యొచ్చు. ఆ ఫైల్లో లేయర్ల వరస చేంతాడంత ఉంది. అందులో ఒకటి మూసి ఉంది. దాని పేరు 'అక్క' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. నా కంట పడింది.

"ఏవండీ, ఈ లేయరు మూసుంది. ఒకసారి తెరిచి చూడండి," అన్నాను.

"ఎవరి అక్కో ఏమో! ఆ ఫైల్లో ఎంతమంది సంసారాలున్నాయో నీకేం తెలుసు? నీ శుభలేఖ నువ్వు చూసుకో," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వినని మనిషికి రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. మూతి ముడుచుకుని నా టైపింగు నేను చేసుకున్నాను. ఆయన తెర మీద కనిపిస్తున్న ఇంటి చుట్టూ ఒక గీత లాగి, దాన్ని మాత్రమే తీసుకెళ్లి కొత్త ఫైల్లో పెట్టాడు. కనిపించనిది అక్కడే ఉండిపోయింది. నాగశివ టీ తాగి వచ్చేసరికి ఫైలు చీపురుపుల్లలా తయారై ఉంది.

"మీ చేతిలో ఏదో ఉంది సార్!" అన్నాడు ఆ అబ్బాయి.

"పాత ఫైలు ఎక్కడున్నా తీసి పారెయ్యి. దాంట్లోంచి ఒక్క గీత తెచ్చుకున్నా జబ్బు మళ్లీ అంటుకుంటుంది," అని మా ఆయన అందరికీ చెప్పేదే చెప్పాడు. నాగశివ బుద్ధిమంతుడు. చెప్పినట్టే చేశాడు. మా దగ్గర మాత్రం ఆ పాతది ఉంది. చికిత్సకి ముందు ఎంత, తర్వాత ఎంత అని వచ్చిన వాళ్లకి చూపించుకోవాలి కదా, అందుకు.

వానలు తగ్గాక ఒకరోజు నాగశివ ఫోన్ చేశాడు. మా ఆయన సెల్లులో అవతలి మాట పక్క షాపుకి కూడా వినిపిస్తుంది.

"సార్, అందులో ఒక లేయరు మూసిపెట్టానండి. ఇప్పుడు తెరుద్దామంటే లేదు. ఏవన్నా తీసేశారా?"

"ఏం లేయరు?" అన్నాడు మా ఆయన.

నాగశివ చెప్పుకొచ్చాడు. అడవులదీవిలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. అక్కడక్కడా మాత్రం ఒక చారెడు మేర తీపి నీళ్లు పడతాయి, నాలుగడుగులు జరిగితే మళ్లీ ఉప్పే. స్థలం కొన్నాక అక్కాతమ్ముళ్లు చాలాచోట్ల బోరు వేయించి చూస్తే ఒక్కచోట తీపి తగిలిందట. అక్కడ గొట్టానికి మూత బిగించి వదిలేశారు. నాగశివ పక్కింటి ప్రహరీ నుంచి రెండు వైపులా కొలిచి, ప్లానులో ఆ చోట ఒక గుండ్రం గీసి, పంచాయితీ ప్రింటులో పడకుండా మూసిపెట్టాడు. తర్వాత పల్లంగా ఉన్న స్థలానికి మెరక పోయించారు. గొట్టం మట్టి కింద పడిపోయింది. దాని ఆనవాలు ఇక ఆ గుండ్రంలోనే ఉంది.

మా ఆయన నా వైపు చూశాడు. నేనూ చూశాను. అంతలోనే ముఖం తిప్పుకుని, "అలాంటిదేం లేదే నాగశివా! నేను చెత్త తప్ప ఇంకోటి ముట్టుకోను. నువ్వే సేవ్ చెయ్యడం మర్చిపోయుంటావు," అన్నాడు.

"అంతేనంటారా?" అని ఆ అబ్బాయి ఫోన్ పెట్టేశాడు.

నేను నా కుర్చీలోంచి లేచి పాత ఫైలు తెరిపించాను. 'అక్క' లేయరు తెరిస్తే గుండ్రం ఉంది. పక్కన కొలతలున్నాయి.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి," అన్నాను.

"చెబుతాలే. కాస్త ఆగు. ఫైలు డాక్టరే ఫైలు చంపాడని బాపట్ల దాకా పాకితే రేపు ఎవడొస్తాడు మన షాపుకి?"

నేను ఊరుకున్నాను. ఆయన్ని మాత్రమే అంటే అన్యాయం. ఆ పేరు మీద నడిచే షాపులో నేనూ తింటున్నాను. ఊరుకున్న ప్రతిరోజూ ఆ అబద్ధంలో నాకూ భాగం పెరిగింది. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. నాగశివ నంబరు మోగితే ఫోన్ నా చేతిలో పెట్టేవాడు. జుమ్మా నమాజుకి వెళ్లొచ్చినా ముఖం తేటపడేది కాదు. అయినా చెప్పలేదు.

సంక్రాంతి దాటాక నాగశివ వేరే ఫైలు పట్టుకుని షాపుకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"మళ్లీ వేయించిన బోర్లన్నీ ఉప్పేనండి. మా అక్క బిందె చంకనేసుకుని చెరువు దాకా వెళ్లొస్తోంది. నాతో మాట్లాడటం మానేసింది. 'నీళ్లున్నాయని నువ్వంటేనే కదరా అక్కడ ఇల్లు కట్టింది' అంది. అదే ఆఖరి మాట." తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఆ రోజు మిమ్మల్ని అనుమానించి అడిగానండి. మనసులో పెట్టుకోకండి సార్," అన్నాడు.

అతను వెళ్లాక మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ క్షమాపణ నా గుండెలో ముల్లులా దిగింది. నేను కొలతల కాగితం ప్రింటు తీసి ఆయన జేబులో కుక్కాను.

"రేపు అడవులదీవి వెళ్తున్నాం. మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. అప్పుడు నేను చెప్పే తీరులో ఉంటుంది మీ పేరు," అన్నాను.

కొలిచే టేపు పట్టుకుని రేపల్లె దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాం. దుర్గాదేవి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. మేమెవరమో చెప్పి, "నీళ్ల గుర్తు దొరికిందమ్మా," అన్నాడు మా ఆయన. అసలు సంగతి అప్పటికీ గొంతులోనే ఉంది.

ఆమె ముఖం వెలిగిపోయింది. "నిజమేనా అన్నయ్యగారూ? అంత దూరం నుంచి ఎండన పడొచ్చారా? వదినగారూ, ఆ టేపు ఇటియ్యండి, నేను పట్టుకుంటాను," అంటూ ప్రహరీ మూలకి పరుగెత్తింది. ఆ సంతోషం చూస్తుంటే నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

ఒక వైపు నుంచి కొలిచాం. రెండో వైపు నుంచి కొలిచాం. టేపు వంటగది గోడ దాటి పెరట్లోకి వెళ్లింది. రెండు కొలతలూ కలిసినచోట మా ఆయన ఆగిపోయాడు. ఆయన కాళ్ల కింద మరుగుదొడ్డి గుంత మీది సిమెంటు మూత ఉంది. మళ్లీ కొలిచాం. మళ్లీ అదే మూత.

దుర్గాదేవి చేతిలో టేపు జారిపోయింది. "పంచాయితీ ప్లానులో ఇక్కడ ఖాళీ కనిపించి మేస్త్రి గుంత తవ్వేశాడండి. గొట్టం తగిలినా పాతదేదో అనుకుని పీకేసుంటాడు. నీళ్ల సంగతి అతనికేం తెలుసు," అంది.

కొలత తప్పిందనో, ఫైలు సరిగ్గా లేదనో అనేసి బయటపడే దారి మా ఆయనకి ఇంకా ఉంది. నాకు భయం వేసింది. ఆయన మూత మీంచి దిగి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"మీ తమ్ముడు గుర్తు పెట్టాడమ్మా. చూసుకోకుండా తీసేసింది నేను. తర్వాత ఫోన్ చేసి అడిగితే లేదని అబద్ధమాడిందీ నేనే. గుర్తు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది. ఆ అబ్బాయి తప్పేం లేదు."

ఆమె తిడుతుందని చూశాను. తిడితే బాగుండుననిపించింది. ఆమె అరుగు మీద కూలబడి, వేళ్లు మడుస్తూ ఏదో లెక్క చూసుకుంది.

"మావాడు ఫోన్ చేసింది గృహప్రవేశానికి ముందండి," అంది మెల్లగా. "అప్పటికి గుంత తవ్వాం కానీ ఇంకా వాడలేదు. ఆ రోజు చెప్పుంటే పూడ్చేసి ఇంకో పక్క తవ్వుకునేవాళ్లం."

అంతవరకూ మేమిద్దరం పొరపాటు చేశామనే అనుకుంటున్నాం. పొరపాటుని ఆమె మట్టితో పూడ్చుకోగలిగేది. నీళ్లు పోయింది మా అబద్ధంతో, ఆ తర్వాత మేం నోరు మూసుకున్న రోజులతో. నా కళ్లు ఆ మూత మీద నుంచి లేవలేదు.

"మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?" అని అడిగింది దుర్గాదేవి. నేనే నంబరు కలిపి ఇచ్చాను.

"తమ్ముడూ, నేన్రా," అంది. "అక్కనిరా. అన్నం తిన్నావా?" అని, ఇక ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తూనే జరిగినదంతా చెప్పింది. ఆదివారం ఇంటికి రమ్మంది. చివరికి ఫోన్ మా ఆయన చేతికిచ్చి, "మాట్లాడతాడంట," అంది.

మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాగశివ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు.

"నేను అడిగాను కదా సార్."

"అడిగావు నాగశివా," అన్నాడు మా ఆయన.