నార్మన్ కోసిన పట్టీలు

మేవిస్ అన్న నార్మన్ పోయి రేపటి ఆదివారానికి ఏడాది. అతను కోసి పెట్టి వెళ్లిన ఓక్ చెక్క పట్టీలను ఆలోగా గోడపొయ్యి చుట్టూ బిగించి తీరాలని ఆమె పట్టుబట్టింది. పెళ్లయిన నాటి నుంచీ ఆ పొయ్యి అంచులు బోసిగానే ఉన్నాయి. "వచ్చే వారం చేస్తాలే" అని ఆమె మొగుడు క్లిఫ్ అనని శనివారం లేదు. ఇప్పుడు చెక్క సిద్ధంగా ఉంది, సాకు లేదు.

ఇది ఇంటి సింగారం గొడవ కాదని క్లిఫ్‌కీ తెలుసు. బొగ్గు గనిలో వడ్రంగిగా పనిచేసిన ఆమె అన్న తన చివరి రోజులు ఈ ఇంట్లో, ఈ పొయ్యి పక్క కుర్చీలోనే గడిపాడు. అప్పటికే మతి తప్పుతోంది. చెల్లెలిని పట్టుకుని "అమ్మా" అనేవాడు. తాగిన టీ తాగలేదని పేచీ పెట్టేవాడు. కానీ రంపం పట్టుకుంటే మాత్రం పాత నార్మనే అని మేవిస్ నమ్మకం. "మా అన్న బుర్ర మరిచిపోయిందేమోగానీ చేతులు మరిచిపోలేదు" అని మాంసం కొట్లోనూ చర్చిలోనూ కనబడ్డవాళ్లందరితో చెప్పుకుంది. అన్న పోయాక ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటే.

శనివారం పొద్దున ఆమె కోటు తొడుక్కుని సంచీ అందుకుంది.

"రేపు అన్న ఏడాదికి వచ్చేవాళ్లకి మాంసం కొట్లో పోర్క్ పైలు తేవాలి. నేనొచ్చేసరికి సగమైనా అవ్వాలి. మేకు వంకరపోయిందని క్లబ్బుకి జారుకున్నావో, నీకు తిండి లేదు."

"మేకు నా మాట వింటుందిలేవే. వినంది నువ్వే."

ఆమె వెళ్లగానే క్లిఫ్ రెండు నిలువు పట్టీలనూ నేల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి రెండోదానికంటే బొటనవేలి మందాన పొడుగుంది.

పొడుగుదాన్ని పొయ్యికి కుడివైపు నిలబెట్టి చూశాడు. పైనున్న చెక్క అర కిందికి దూరలేదు. పొట్టిదాన్ని పెడితే అచ్చంగా సరిపోయింది. ఎడమవైపు చూడాలంటే నార్మన్ కుర్చీ, బొగ్గు బకెట్టు జరపాలి. ఆ అవసరం క్లిఫ్‌కి కనబడలేదు. పొయ్యి ముందరి రాతి పలకను పెళ్లయిన ఏడు తన చేత్తో, రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చేలా చూసి మరీ పరిచాడు. ఆ పలక వాలిందంటే తన పనితనం వాలినట్టే. కాబట్టి తప్పు నార్మన్‌దే. పాపం, చేతులు కూడా మరిచిపోయాయన్నమాట.

మేవిస్ చూస్తే తట్టుకోలేదు. ఆమె వచ్చేలోగా ఆ బొటనవేలంత ముక్క కోసి పారేస్తే సరి, ఎవరికీ తెలియదు. ఇలాంటి మోసం చేసినందుకు దేవుడు కూడా ఏమీ అనుకోడని తనకు తానే చెప్పుకుని, పొడుగు పట్టీ, రంపం పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

గోడ అవతల గూట్లోని పావురాలకు గింజలు చల్లుతున్న పక్కింటి రెజ్ తల పైకెత్తాడు.

"ఏంటి గురూ, రంపం! ఎవరైనా ఫొటో తియ్యండ్రా!"

"నీ పావురాలకి చెప్పు జోకులు. అవైతే పారిపోలేవు."

బోర్లించిన తొట్టి మీద పట్టీ అడుగువైపు చివర ఆనించి ఒక్క లాగు లాగాడు. చెక్క ఊగింది. రంపం పళ్లు చిన్న గాటు పెట్టి పక్కకి జారాయి. ఇలా లాభం లేదని, పట్టీ రెండో చివర ఆనించేందుకు నార్మన్ కుర్చీ తేవడానికి లోపలికొచ్చాడు.

కుర్చీ ఎత్తితే ఎడమ కాళ్ల కింద ఏవో కనబడ్డాయి. క్లబ్బులో బీరు గ్లాసుల కింద పెట్టే అట్టముక్కలు, ఒకదాని మీదొకటి పేర్చినవి. 'బావది ఇదొక పిచ్చి' అనుకుంటూ వాటిని తీసేసి, కుర్చీని అక్కడే దించి, ఊపిరి తీసుకుందామని కూలబడ్డాడు. కుర్చీ ఎడమకి ఒరిగింది.

లేచాడు. రసమట్టం తెచ్చి రాతి పలక మీద పెట్టాడు. బుడగ సిగ్గు లేకుండా కుడివైపుకి పరుగెత్తింది.

అప్పుడు గుర్తొచ్చింది. పలక పరిచిన కొన్నేళ్లకి ఈ వీధి కింద బొగ్గు తవ్వింది ఎవరు? తనూ తన జట్టూనే. అలా తవ్విన ఏడు నేల కుంగి వీధంతా తలుపులు బిగుసుకుపోయాయి, చర్చి గోడ చీలింది. ఎవరి ఇల్లు ఎంత కుంగిందని అడిగి అడిగి నవ్వుకున్నారు. తన పలక మాత్రం కుంగదని ఎలా అనుకున్నాడో! నార్మన్ అలా అనుకోలేదు. గనిలో పైకప్పుకి దుంగలు నిలబెట్టే మనిషి, ప్రతి దుంగా అది నిలబడే చోటుకే కొలిచి కోసేవాడు. ఒక చోటి కొలత ఇంకో చోటికి ఎన్నడూ వాడలేదు.

క్లిఫ్ పెరట్లోంచి పట్టీ తెచ్చి ఎడమవైపు నిలబెట్టాడు. పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. కూర్చుంది. రెండింటి మధ్య, పైన అడ్డపట్టీ దూర్చితే రెండు మూలలూ కాగితం దూరనంత బిగువుగా కలిశాయి.

"క్షమించు బావా" అని కుర్చీకేసి పైకే అన్నాడు. తర్వాత మేకులు కొట్టాడు, అట్టముక్కలు మళ్లీ కుర్చీ కాళ్ల కింద పెట్టాడు.

తిరిగొచ్చిన మేవిస్ కోటైనా విప్పకుండా పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూలల మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. కుడి పట్టీ పొడవునా, తర్వాత ఎడమ పట్టీ పొడవునా వేళ్లు కిందికి జార్చింది. అడుగున ఆగిపోయింది.

"ఇక్కడ గాటుంది." ఆమె వేలు తియ్యకుండానే తలెత్తింది. "అన్న చెయ్యి జారిందా?"

ఊరుకున్నా సరిపోయేది. చెక్కలో గాట్లు ఉండనే ఉంటాయి.

"కాదే. అది నాది" అన్నాడు క్లిఫ్. "మీ అన్న కొలత తప్పాడనుకున్నాను. నీకు తెలీకుండా కోసేద్దామనుకున్నాను. తప్పింది ఆయన కాదు, నా పలక. ఆయనకి తెలుసు, నాకే తెలీలేదు."

మేవిస్ అతనికేసి తిరిగింది. నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కోటు చేతి అంచుతోనే ముక్కు తుడుచుకుంది.

"మైనం పెట్టి పూడ్చెయ్యనా?" అని అడిగాడతను.

"దాన్ని ముట్టుకున్నావంటే చంపేస్తా" అంది మేవిస్. "రేపు అందరికీ చూపించాలి."