బుడంకాయ మీద పడ్డ నింద

ఆస్పత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు ఉతికి, మడిచి ఇంటికొచ్చేసరికి నా నడుము నాది కాదు. "ఇంకొక్క దుప్పటి ఉతకమంటే చస్తాను బాబోయ్" అంటూనే రోజూ తలుపు తీస్తాను. ఆ రోజు తీయగానే గుప్పున కంపు. మేం తెచ్చుకుని నెలైన కుక్కపిల్ల, మా అమ్మాయి ముద్దుగా బుడంకాయ అని పేరు పెట్టుకున్నది, తన పెంట తనే గబగబా తింటోంది.

"ఛీ ఛీ, మళ్ళీనా!" అని అరిచాను. మిగిలింది కూడా మింగేసి మంచం కిందికి దూరింది.

"ఇంక నా వల్ల కాదే తల్లీ. ఆదివారం దాకా చూస్తాను. మానకపోతే తెచ్చిన చోటే దింపేసి వస్తాం" అన్నాను. ఏడేళ్ళ మా అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. దానికి ఆ కుక్కపిల్లంటే పంచప్రాణాలు.

నేనేమన్నా ఊరికే కూర్చున్నానా? పెంట మీద మిరియాల పొడి చల్లాను. తుమ్ముకుంటూ తినేసింది. నిమ్మరసం పిండాను. లొట్టలేసింది. "కాస్త ఉప్పు కూడా వెయ్యవోయ్, రుచి తగ్గిందేమో" అన్నాడు మా ఆయన. నేను చూసిన చూపుకి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పైగా మా అమ్మాయి గదిలో ఎంత తుడిచినా పోని ఉచ్చ కంపొకటి. అదీ దీని ఘనకార్యమే అనుకున్నాను.

శనివారం సెలవు పెట్టి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పొట్ట నొక్కి చూసి, నులిపురుగుల మందు రాసి, "ఇంట్లో దొడ్డికెళ్తే మీరేం చేస్తారమ్మా?" అంది.

"ఏం చేస్తాను, ఇల్లెగిరిపోయేలా అరుస్తాను. మూతి పట్టి దాన్లో రుద్దుతాను. మా పుట్టింట్లో కుక్కలకి అలాగే నేర్పేవాళ్ళు."

"అయితే మీకు కనపడకుండా తినేసి మాయం చేస్తోందేమో. కనపడకపోతే తిట్లుండవు కదా. అరవకండి. బయటికి తీసుకెళ్ళండి, పని కాగానే మెచ్చుకుని బిస్కెట్ ముక్క పెట్టండి, వెంటనే ఎత్తేయండి."

ఆదివారం పొద్దున్నే పిల్లనీ దాన్నీ తీసుకుని వీధి చివర గడ్డిలోకి వెళ్ళాను. బుడంకాయ కూర్చుంది, లేచింది, నా వైపు బెదురుగా చూసి వెనక్కి మూతి తిప్పింది. అరుపు గొంతు దాకా వచ్చింది. మింగేశాను. "శభాష్ రా బంగారం, ఇలా రా" అన్నాను. రెండు క్షణాలు ఆలోచించి, తోకాడిస్తూ వచ్చి బిస్కెట్ తింది. నేను కాగితంతో పెంట ఎత్తేశాను. ఇంతోటి దానికా నెల్లాళ్ళు గొంతు చించుకున్నాను అనిపించి నీరసం వచ్చింది.

"పాపం, నా తిట్లకి భయపడి దాచిందే ఇన్నాళ్ళూ" అన్నాను మా అమ్మాయితో.

ఇంటికి రాగానే పిల్ల తన మంచం కింద దూరి, గోడవైపు మూల నుంచి మూడు దుప్పట్లు ఈడ్చుకొచ్చింది. మరకలు కట్టి, ఎండి, అట్టల్లా ఉన్నాయి.

"ఆ కంపు బుడంకాయది కాదమ్మా. నేనే పక్క తడిపాను. ఇంకో దుప్పటి ఉతకాలంటే చచ్చిపోతానన్నావుగా, అందుకే చెప్పలేదు. దాన్ని మాత్రం పంపెయ్యొద్దు."

కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు బిగించి, నా అరుపు కోసం నిలబడింది. ఏడేళ్ళ పిల్ల.

దుప్పట్లు చేతిలోకి తీసుకున్నాను.

"శభాష్ రా బంగారం, ఇలా రా" అన్నాను.