డిస్కు అంచున మిగిలిన చోటు

పొద్దున్నే జిరాక్సు కొట్టు తెరిచాక ఆమె మొదట చేసే పని, జనం ఇచ్చి వెళ్ళిన పెన్‌డ్రైవుల్లో చోటు చేయడం. ఒకే ఫోటో మూడు చోట్ల, ఒకే పాట రకరకాల పేర్లతో. "ఇంట్లో సామాను ఇలా పేర్చుకుంటే తలుపు కూడా తెరుచుకోదు," అని గొణుక్కుంటూ అనవసరమైనవన్నీ ఏరి పారేసేది.

సీడీ డిస్కుల సంగతి వేరు. వాటి మీద రాసింది చెరగదు. మిగిలిన చోట్లో ఇంకా రాయొచ్చు, కానీ ఇంకేదీ ఎక్కకుండా ఒకసారి మూసేస్తే అంతే. అందుకే ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప ఆమె డిస్కు మూసేది కాదు. "ఇంకొక్కటి మర్చిపోయామమ్మా అంటూ మళ్ళీ రానివాళ్ళెవరు?" అనేది.

అలా మూయకుండా వదిలేసిన వాటిలో కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన డిస్కు ఒకటి. ఆయన భార్య మంచంలో ఉన్నప్పుడు, ఏ డబ్బాలో ఏముందో, ఏ తాళం దేనిదో మొగుడి కోసం చెబుతుంటే కూతురు ఫోన్లో రికార్డు చేసింది. కొట్టామె దాన్ని డిస్కుకెక్కించింది. తీరా ఇంట్లో ఉన్న పాత ప్లేయరు మూయని డిస్కును చదవనంది. దాంతో ఆవిడ పోయాక, పెద్దాయన శనివారం శనివారం సంచిలో డిస్కు పెట్టుకుని కొట్టుకే వచ్చి వినేవాడు.

ఒక శనివారం కొట్టామె తెర వైపు చూసి, "బాబాయ్, పిన్ని కొత్తగా ఏదో చెప్పినట్టుంది," అంటూ హెడ్‌ఫోన్లు అందించింది.

"ఏమండీ, దుప్పట్లు ఎండలో వేశారా? వేసుండరు లెండి."

ఆయన ఇంటికెళ్ళి దుప్పట్లు ఎండలో వేశాడు.

అప్పటినుంచి ప్రతివారం ఏదో ఒకటి చేరేది. కొళాయి ఎడమవైపు తిప్పమని, చిరిగిన బనీను గుడ్డపేలికల్లో వేయమని. జిరాక్సు కోసం వచ్చినవాళ్ళు "ఈ వారం ఏమందండీ?" అని అడిగి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయేవారు. మూయని డిస్కు కదా, ఆవిడ చెప్పుకోదా మరి.

అయితే డిస్కు వెనక ఇంకా ఏమీ రాయని మెరిసే భాగం అంచు వైపు తరిగిపోతూ వచ్చింది. కూతురు పెద్ద పెన్‌డ్రైవు కొనిపెట్టింది. "అమ్మ ఎంత మాట్లాడినా నిండదు నాన్నా!" పాత ఫైళ్ళన్నీ అందులోకి చేరాయి గానీ, ఆవిడ మాత్రం అక్కడ పెదవి విప్పలేదు.

"కొత్తిల్లు నచ్చలేదేమో," అంది కొట్టామె.

చివరికి మెరుపు గోరంచంత మిగిలినప్పుడు ఆవిడంది: "ఇంక నేనాపుతాను. ఆ కాస్త చోటూ మీకే. ఏదైనా చెప్పండి."

ఆ తర్వాత ఎన్ని శనివారాలు వచ్చినా కొత్తమాట లేదు.

"అలిగింది," అన్నాడాయన.

"అలకేం కాదు, ఎదురుచూస్తోంది. చెప్పరాదూ?"

"నేనేం చెబుతానమ్మాయ్? మా ఇంట్లో మాట్లాడే డ్యూటీ ఆవిడది."

నిజమే. పైవాటాలో ఉండే కూతురు రోజూ టీ తెచ్చి, "మాట్లాడితే పళ్ళు ఊడిపోతాయా నాన్నా?" అని దెప్పేది. ఆయన గ్లాసు ఖాళీ చేసి చేతికిచ్చేవాడు. ఆమె దిగేది, ఎక్కేది. ఈమధ్య గ్లాసు గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోతోంది.

ఇంతలో కొట్టులో డిస్కులు తిప్పే డ్రైవు కీచుమనడం మొదలుపెట్టింది. డిస్కును రెండుసార్లు బయటికి నెట్టేసి, మూడోసారి ఎలాగో తీసుకుంది.

"బాబాయ్, ఇలాంటివి ఇప్పుడెక్కడా దొరకట్లేదు. ఇది ఆగిపోతే డిస్కు మూయడం కుదరదు. మూయకపోతే మీ ప్లేయరు పలకదు. పిన్ని గొంతు ఇంకెక్కడా వినబడదు."

"ఆ పెన్‌డ్రైవు ఉందిగా?"

ఆమె పెట్టి చూపించింది. ఫైళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, గొంతు లేదు. ఆయన కీచుమంటున్న డ్రైవు వైపు చూశాడు.

"సరే, మూసెయ్యి."

"మరి ఆ చోటు?"

"ఉండనీ ఖాళీగా."

"పిన్ని ఎప్పుడైనా ఒక్క డబ్బా ఖాళీగా ఉంచిందా, మీరే చెప్పండి!"

ఆయనకి నవ్వొచ్చినంత పనైంది. మైకు ముందుకు కుర్చీ లాక్కున్నాడు. కొట్టామె బయటికెళ్ళి మెట్లు ఊడవసాగింది.

"కొళాయి బాగైంది," అన్నాడు. ఆగాడు. ఒక మిషను పాదం కింద దారం చిక్కుపడితే గంటలు గంటలు ఓపిక పట్టగలడు గానీ, తర్వాతి మాట వెతుక్కోవడానికి చెమటలు పట్టాయి. "ఎడమవైపే తిప్పాను... బనీను పారేయలేదు... నువ్వు కుట్టిన కుట్టుంది దానికి..." మైకు మీదికి వంగాడు. "ఇంట్లో చోటు మరీ ఎక్కువైపోయిందే."

డ్రైవు కీచుమంటూనే డిస్కును మూసింది. ఆ తర్వాత ఇంక తిరగలేదు.

ఇంటికొచ్చి ప్లేయర్లో పెట్టాడు. ఈసారి చదివింది. డబ్బాలు, తాళాలు, దుప్పట్లు అన్నీ అయ్యాక, చివర్లో ఆయన గొంతు వచ్చింది.

"కొళాయి బాగైంది."

"ఊఁ," అంది ఆవిడ.

"ఎడమవైపే తిప్పాను..."

"ఊఁ."

"బనీను పారేయలేదు..."

"ఊఁ, ఊఁ."

ఆయన మాట దొరక్క ఆగిన ప్రతిచోటా ఆవిడ సర్దుకుని కూర్చుంది. అదనంగా పిసరంత చోటు కూడా అడగలేదు.

గుమ్మం దగ్గర గ్లాసు పెట్టిన చప్పుడైంది.

"అమ్మాయ్," అన్నాడాయన.

కూతురు మెట్టు మీదే ఆగిపోయింది.

"లోపలికి రా. కూర్చో." ఆయన కాసేపు తడుముకున్నాడు. "ఇవాళ కొట్టు దగ్గర ఏమైందంటే..."

కూతురు వచ్చి నేల మీద కూర్చుంది. అక్కడే గోడకి ఆనుకుని కూర్చునేది వాళ్ళమ్మ.

"ఊఁ," అంది.