పరాయి మైదానాల్లో హెరన్స్

అమెరికాలోని మోరిస్‌విల్ హైస్కూలు బేస్‌బాల్ జట్టు హెరన్స్ సొంత మైదానంలో ఆడుతుంటే చూడముచ్చటగా ఉండేది. బంతి ఎక్కడ పడబోతే అక్కడ ఒక కుర్రాడు ముందే నిలబడి ఉండేవాడు. అదే జట్టు పసుపుపచ్చ బస్సెక్కి ఇంకో ఊరి స్కూలుకు వెళ్ళిందా, బస్సు దిగిన దగ్గర్నుంచీ వాళ్ళ కాళ్ళూ చేతులూ వాళ్ళ మాట వినేవి కావు. మోరిస్‌విల్‌లో ఆ హైస్కూలు పిల్లల తల్లిదండ్రులందరికీ ఇది తెలిసిన సంగతే. కిందటేడు బయట ఆడిన ఆటల్లో వాళ్ళు ఒక్కటీ గెలవలేదు. ఈ ఏడు చలి ఇంకా పోకముందే సీజన్ మొదలై మొదటి రెండు బయటి ఆటలూ ఓడిపోయేసరికి, బేస్‌బాల్ జట్టంటే ఇంతేలే అని సరిపెట్టుకోవడం కూడా అందరికీ అలవాటైపోయింది.

రాధారాణికి మాత్రం అలవాటు కాలేదు. జట్టులో బంతి విసిరే పిచ్చర్ ఆమె కొడుకు శ్రేయాస్. భర్త రఘువీర్ ప్రాజెక్టు పనిమీద వారంలో సగం రోజులు డాలస్‌లో ఉంటాడు కాబట్టి ఆటలకు వెళ్ళేది ఆమే. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎక్కడ ఏది చెడిపోబోతుందో ముందే పసిగట్టడం ఆమె ఉద్యోగం. కొడుకు ఆట చూస్తున్నప్పుడు కూడా ఆ బుద్ధి ఊరుకునేది కాదు. బేస్‌బాల్ గురించి ఆమెకు తెలిసిందంతా శ్రేయాస్ పుణ్యమే. సరైన చోట పడితే స్ట్రైక్, పక్కకు పోతే బాల్, నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఏమీ కష్టపడకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోతాడు. వాడలా తీరిగ్గా నడిచి వెళ్తుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

మూడో బయటి ఆట తూర్పున, పొగాకు పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో జరిగింది. ఏడు ఇన్నింగ్స్ ఆటలో ఆరు పూర్తయ్యేదాకా హెరన్స్‌దే పైచేయి. రెండు పరుగులు ముందున్నారు. ఏడో ఇన్నింగ్స్‌లో ఆ ఊరి పిల్లలు బ్యాటింగ్‌కి వచ్చారు. బేస్‌బాల్‌లో ఆఖరి బ్యాటింగ్ ఎప్పుడూ సొంత ఊరివాళ్ళదే. అంతసేపూ మడతకుర్చీల్లో బద్ధకంగా కూర్చున్న జనం ఒక్కసారిగా లేచి కంచె దగ్గరికి వచ్చేశారు.

"ఏం పిచ్చర్, చెయ్యి వణుకుతోందా?"

"ఇంటికెళ్ళి హోమ్‌వర్క్ చేసుకోవయ్యా!"

శ్రేయాస్ చెవులు ఎర్రబడడం అంత దూరం నుంచి కూడా రాధారాణికి కనబడింది. వాడు వరసగా ఇద్దర్ని నడిపించేశాడు. మూడోవాడి భుజానికి బంతి తగలడంతో వాడికీ ఊరికే బేస్ దక్కింది. మూడు బేస్‌లూ నిండిపోయాయి. ఆమె ఇక చూడలేక లేచి, పార్కింగ్‌లో ఉన్న కార్లోకి వెళ్ళి, అద్దాలు మూసేసుకుని కూర్చుంది. కాసేపటికి పెద్ద కేక వినబడింది. ఆట అయిపోయిందనీ, ఎవరు గెలిచారనీ ఆ కేకతోనే తెలిసిపోయింది.

మర్నాడు ప్రాక్టీస్ అయ్యే వేళకు ఆమె కోచ్ సంహితను వెతుక్కుంటూ వెళ్ళింది. సంహిత ఈ దేశంలోనే, హెర్న్‌డన్ అనే ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. కాలేజీలో బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ ఆడింది. ఈ స్కూల్లో లెక్కలు చెబుతూ, పాత కోచ్ రిటైరయ్యాక జట్టు బాధ్యత తీసుకుంది. మగపిల్లల జట్టుకు ఆడకోచ్ ఏమిటని మొదట్లో కొందరు గొణిగారు. ఆమె అవేవీ చెవిన పెట్టలేదు. ఇప్పుడు పిల్లలంతా వెళ్ళిపోయాక, పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బను తనే వంగి చదును చేస్తోంది.

"సంహితా, ఒక్క మాటమ్మా," అంది రాధారాణి. "బయటి గేమ్స్‌కి శ్రేయాస్‌తో పిచింగ్ చేయించొద్దు. ఇక్కడ ఆడినప్పుడు చేయిస్తే చాలు. నిన్న ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు వాడు."

సంహిత నడుం నిటారుగా చేసి నిలబడింది. "వాడు అడగమన్నాడా, ఆంటీ?"

"వాడెందుకు అడుగుతాడు? నేనే అడుగుతున్నా."

"అయితే సారీ ఆంటీ, నేను చెయ్యను." ఆమె తెలుగు అమెరికన్ యాసలో మెత్తగా దొర్లుతుంది. "వాడి ఆర్మ్ చాలా మంచిది. బయట ఎలా ఆడాలి అనేది వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, అంతే. అది నేను నేర్పాలి." ఒక క్షణం తటపటాయించి, "నిన్న లాస్ట్ ఇన్నింగ్‌లో మీరు ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగింది.

"కార్లోకి."

"వాడు బాల్ వేసే ముందు మీ కుర్చీ వైపు చూస్తాడు. ప్రతిసారీ చూస్తాడు. నిన్న చూస్తే అక్కడ ఎవరూ లేరు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే రాధారాణి ఏదో ఒకటి ఎదురు చెప్పేదే.

"శనివారం ప్రాక్టీస్‌కి వస్తారా?" అంది సంహిత. "పేరెంట్స్ అందరినీ పిలుస్తున్నా. మీ హెల్ప్ కావాలి."

శనివారం పొద్దున తల్లిదండ్రులు కాఫీ కప్పులతో కంచె వెనక చేరారు. సంహిత చెప్పింది విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇవాళ వాళ్ళే ప్రత్యర్థి ఊరి జనం. తమ పిల్లల్ని తామే వెక్కిరించాలి, గోల చేయాలి, ఊపిరాడనివ్వకూడదు. మనసు నొప్పించే మాట మాత్రం అనకూడదు.

మొదట కుడివైపు ఫీల్డింగ్ చేసే మాటియో తండ్రి రూబెన్ మొహమాటంగా "బూ" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. అప్పుడు రాధారాణి, తనకే తెలియని ఊపులో, కంచె తీగను రెండు చేతులా పట్టుకుని తెలుగులో అందుకుంది.

"ఒరేయ్ శ్రేయాస్! అది బంతా, బూందీ లడ్డూనా? అలా తీసుకెళ్ళి చేతికందిస్తున్నావ్! పొద్దున్న లేస్తే దుప్పటి మడత పెట్టడం రాదు గానీ బేస్‌బాల్ ఆడతాడట బేస్‌బాల్! ఏ సాక్సుకి ఏది జతో తెలియనివాడికి స్ట్రైక్ ఎక్కడ వెయ్యాలో ఏం తెలుస్తుందిరా!"

మాటలు అర్థం కాకపోయినా ఆ ధాటికి అందరూ తిరిగి చూశారు. శ్రేయాస్ చేతిలోంచి బంతి జారి ఎటో పోయింది.

"అమ్మా! స్టాప్!"

"నన్ను ఆపుతావు సరే, వచ్చే వారం ఆ ఊరివాళ్ళని ఎవరాపుతారు?"

దాంతో రూబెన్‌కి ధైర్యం వచ్చింది. స్పానిష్‌లో మొదలుపెట్టాడు. ఎవరో ఖాళీ డబ్బా వాయించారు. కాసేపటికి మైదానం సంతలా తయారైంది. పిల్లలు ముందు సిగ్గుపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయారు. చివరికి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. శ్రేయాస్ ఒకసారి గట్టిగా ఊపిరి వదిలి, ఎదురుగా బంతి పట్టే క్యాచర్ గ్లవ్ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు దాన్నే చూస్తూ విసరడం మొదలుపెట్టాడు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు అంత గోలలోనూ రాధారాణికి వినబడింది. తిట్టడం మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయింది.

సంహిత ఇంకో పని కూడా చేసింది. బయటి ఆటలకు బస్సు బాగా ముందే బయలుదేరేట్టు ప్రిన్సిపల్ వెంటపడి ఒప్పించింది. దిగాక ఎవరినీ బ్యాగులు విప్పనిచ్చేది కాదు. ముందు అందరూ మైదానమంతా నడవాల్సిందే. గడ్డి ఎక్కడ ఒత్తుగా ఉంది, మట్టి ఎక్కడ మెత్తగా ఉంది, సాయంత్రం ఎండ ఎవరి కళ్ళలో కొడుతుంది, కంచెకు తగిలిన బంతి ఎటు దొర్లుతుంది, అన్నీ వాళ్ళు తమ చేతులతో, కాళ్ళతో తెలుసుకోవాలి. "ఇది ఎవరి గ్రౌండ్?" అని అడిగేది. ఎవరైనా ఆ ఊరి పేరు చెబితే తల అడ్డంగా ఊపేది. "ఎంత తెలుసుకుంటే అంత మనది."

నాలుగో బయటి ఆట కూడా పోయింది, కానీ ఒక్క పరుగుతో. జనం ఎంత అరిచినా శ్రేయాస్ చెయ్యి వణకలేదు. రాధారాణి కుర్చీ వదల్లేదు. వేళ్ళు బిగించి కుర్చీ పట్టుకుని కూర్చుంది, అంతే. తిరుగు ప్రయాణంలో శ్రేయాస్ తల్లి కారెక్కాడు. కొంతదూరం వచ్చాక ఉన్నట్టుండి నవ్వాడు.

"అమ్మా, వాళ్ళు అసలు బాగా అరవలేదు. నువ్వు వాళ్ళకంటే వర్స్."

ఆమెకు అంత మెచ్చుకోలు ఆఫీసులో కూడా ఎప్పుడూ దొరకలేదు.

ఐదోది గెలిచారు. సన్నగా వాన పడుతోంది. ఆఖరి బ్యాటర్ అవుటవగానే హెరన్స్ మైదానం మధ్యకి పరుగెత్తుకొచ్చి, అక్కడికి వచ్చాక ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. సొంత ఊళ్ళో గెలిస్తే చుట్టూ చప్పట్లు, ఈలలు. ఇక్కడ జనం మౌనంగా గొడుగులు సర్దుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో వాళ్ళ బూట్ల కింద తడిమట్టి చప్పుడొకటే వినబడుతోంది. అప్పుడు మాటియో పక్కవాణ్ణి వాటేసుకున్నాడు. అంతే, అందరూ ఒకరిమీద ఒకరు పడిపోయారు. సంహిత మాత్రం దూరంగా నిలబడి, టోపీ కళ్ళమీదికి లాక్కుంది. ఆమె ఏడుస్తోందని రాధారాణి గమనించి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత బయట ఆడిన ఆటల్లో ఒకటి పోయినా మిగతావన్నీ గెలిచారు. ఇంతకుముందు ఓడిన ఊళ్ళకి వెళ్ళేటప్పుడు బస్సులో పాటలు వినబడేవి. ఏప్రిల్ ముగిసేసరికి హెరన్స్ తమ ఊరికి వస్తున్నారంటే ఇతర జట్లు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక్కటి ఓడినా ఇంటికే అన్న ప్లేఆఫ్స్‌లో మొదటి ఆట పడమటి కొండల్లో ఒక ఊళ్ళో పడిందని తెలిసినప్పుడు, కిందటేడైతే అందరూ మొహాలు వేలాడేసుకునేవాళ్ళు. ఈసారి పిల్లలు అడిగింది ఒక్కటే, బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందని.

ఆ మైదానం పాతది. ఇనుపతీగ కంచె చుట్టూ ఉన్నా, కుడి మూలలో మాత్రం ఎప్పటివో చెక్కపలకలు ఉన్నాయి. ఆటకు ముందు అందరూ నడిచి వచ్చేశాక కూడా మాటియో ఆ మూలే పట్టుకుని ఉండిపోయాడు. పలకలకేసి బంతి కొట్టడం, అది ఎటు వస్తుందో చూడడం, మళ్ళీ కొట్టడం. సంహిత పిలవబోయి ఊరుకుంది.

ఆట హోరాహోరీగా సాగింది. శ్రేయాస్ ఆరు ఇన్నింగ్స్ వేసి, నిబంధన ఒప్పుకున్నన్ని బంతులు విసిరేయడంతో తప్పుకున్నాడు. ఏడో ఇన్నింగ్స్‌కి ఇంకో కుర్రాడు వచ్చాడు. హెరన్స్ ఒక్క పరుగు ముందున్నారు. ఇద్దరు అవుటయ్యారు. మొదటి బేస్ మీద ఒకడున్నాడు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే చాలు. జనం కాళ్ళతో బల్లలు దంచుతున్నారు. తన కొడుకు ఆడడం లేదు కదా, అయినా రాధారాణి కుర్చీలో కూర్చోలేక కంచె దగ్గరికి వచ్చేసింది.

బ్యాట్ తగిలిన చప్పుడు ఫెళ్ళుమంది. బంతి కుడి మూలకి దూసుకుపోయింది. మొదటి బేస్ మీదున్నవాడు తల వంచుకుని పరుగు లంకించుకున్నాడు. వాడు బేస్‌లన్నీ చుట్టి, మొదట బ్యాట్ పట్టిన చోటికి, అంటే హోమ్‌కి చేరితే స్కోరు సమమైపోతుంది. మాటియో మాత్రం కంచె వైపు పరుగెత్తలేదు. పదడుగులు ఇవతలే ఆగి, పలకలకు ఎదురుగా నిలబడిపోయాడు. వాడు బంతిని చూడనే లేదనుకుని జనం నవ్వారు. "ఒరేయ్ మాటియో, పరుగెత్తరా!" అని రాధారాణి గొంతు చించుకుంది.

బంతి పలకకు ఠప్పున తగిలి, వెనక్కి ఎగిరి, పిలిచినట్టు వచ్చి మాటియో చేతిలో పడింది. వాడు ఒక్క విసురు విసిరాడు. అది నేలకు తగలకుండా నేరుగా హోమ్ దగ్గరున్న క్యాచర్‌కి చేరేసరికి పరుగెత్తేవాడు హోమ్‌కి ఇంకా రెండు అంగల దూరంలో ఉన్నాడు.

అవుట్!

రాధారాణి పక్కనున్న రూబెన్ భుజం పట్టుకుని ఊపేసింది. అతను రెండు చేతులూ పైకెత్తి కొడుకు పేరు కేకేశాడు.

చేతులు కలుపుకునే వేళ, ఆ ఊరి జట్టులో అదే మూలలో ఆడే కుర్రాడు వరస తప్పి మాటియో దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. "ఆ పలకలు నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. నీకెలా తెలిసింది?" అన్నాడు.

"ఆటకి ముందు నేర్చుకున్నా," అన్నాడు మాటియో. ఆ కుర్రాడు వాడి టోపీ మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆట మోరిస్‌విల్‌లోనే. రఘువీర్ కూడా డాలస్ నుంచి వచ్చాడు. జనం కిటకిటలాడారు. హెరన్స్ బాగానే ఆడారు, అవతలివాళ్ళు ఇంకా బాగా ఆడారు. ఒక్క పరుగు తేడాతో సీజన్ అక్కడితో ముగిసిపోయింది. వచ్చిన జట్టు మైదానం మధ్యలో చేరి, నిశ్శబ్దంగా ఉన్న పరాయి జనాన్ని చూసి బిక్కుబిక్కుమంటూ సంబరపడుతోంది. అప్పుడు శ్రేయాస్ గ్లవ్ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కరే హెరన్స్ అంతా అందుకున్నారు. వాళ్ళను చూసి జనం కూడా లేచారు.

రఘువీర్ ఆశ్చర్యంగా భార్య వైపు తిరిగాడు. "ఓడిపోయి చప్పట్లు కొడతారేంటి వీళ్ళు?"

"నువ్వు బయటి గేమ్స్ చూడలేదుగా," అంది రాధారాణి, తనూ చప్పట్లు కొడుతూనే. తర్వాత కుర్చీ మడిచి అతని చేతికిచ్చి, సంహిత కోసం మైదానంలోకి నడిచింది. వచ్చే ఏడు కొండల అవతల ఉన్న జట్లతో కూడా ఆడిస్తుందేమో అడగాలనుకుంది.