తీసేసిన ప్రింటు లైను

పైవాటా ఆయనకు ఉద్యోగం ఊడిందని, పగలంతా ఇంట్లో కూచుని ఏదో మిషనుతో పోట్లాడుతున్నాడని కిందివాటా ఆవిడ లాండ్రీ అతనితో అన్నదట. అతను ఇస్త్రీ చొక్కాలతో పాటు ఆ మాటనూ తెచ్చి ఆయన భార్యకు అప్పజెప్పాడు.

ఆయన ఉద్యోగం ఊడలేదు. ఊడబోతున్నది ఆయన ఆఫీసులో చేరిన కొత్తపిల్లది. ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులకు కెర్నెల్, అంటే లోపల్నుంచి వాటిని నడిపే ప్రోగ్రాం, రాసే ఆఫీసు వాళ్లది. అక్కడ ఆయన్ను పెద్దాయన అంటారు. ఆ పిల్ల పాత కోడు శుభ్రం చేస్తూ, తెరమీద ఏదో మాట చూపించడం తప్ప ఎందుకూ కొరగాని ప్రింటు లైనొకటి పీకేసింది. అప్పట్నుంచి పరీక్షకు పెట్టిన పంపులు ఒక్కోసారి ఆపే బటన్ నొక్కినా ఆగడం లేదు. సోమవారం మీటింగులో మేనేజరు ఆ పిల్లను అందరి ముందూ కడిగేసి, ఉద్యోగం ఖాయం చేసేది లేదన్నాడు. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ కూచున్నాడు. మర్నాడు ఒక పంపును ఇంటికి మోసుకొచ్చాడు.

ఏమిటా తెగులని భార్య అడిగితే, పంపు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"బటన్ నొక్కితే ఒక ప్రాసెసరు జెండా ఎత్తుతుంది. రెండోది అది చూసి మోటారు ఆపాలి. మనం రాసిన కోడును మిషను భాషలోకి మార్చే కంపైలరు అతితెలివికి పోయి, ఒక్కసారి చూస్తే చాల్లే అనుకుంది. దాంతో రెండోది జెండా లేవలేదని మనసులో పెట్టుకుని ఇక తలెత్తదు. అవతల జెండా ఎగురుతూనే ఉంటుంది."

"మరి ఇన్నేళ్లూ ఎట్లా ఆగింది?"

ఆయన ఆవలించి మళ్లీ పంపు వైపు తిరిగాడు. ప్రింటు లైను ప్రతి చుట్టులోనూ రెండో ప్రాసెసరు భుజం తట్టి మళ్లీ చూడమనేది. పదకొండేళ్ల కింద ఇదే తెగులు వెతుకుతూ ఆ లైను పెట్టింది ఆయనే. పెట్టగానే తెగులు మాయమైంది. ఎందుకు మాయమైందో ఆరా తీసే ఓపిక లేక, నయమైందని రాసేసి ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఇప్పుడు జెండా ఎత్తేచోట, చూసేచోట, ప్రతిసారీ నేరుగా మెమరీతోనే పని జరగాలని కంపైలరుకు గుర్తులు పెట్టాడు. రెండు రోజులు బటన్ నొక్కీ నొక్కీ వేలు కాయ కాసింది. పంపు ఒక్కసారీ మొరాయించలేదు.

శుక్రవారం ఆఫీసులో మేనేజరు, మీరుండగా మాకేం దిగులన్నాడు. కొత్తపిల్ల తన బల్ల మీది కాగితాలు సంచిలో సర్దుకుంటోంది. పెద్దాయన అక్కడికెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నీది కాదమ్మా. ఆ లైను నేను పెట్టిందే. చూడగానే గుర్తుపట్టాను."

ఆ పిల్ల తలెత్తలేదు.

"ఆ మాట సోమవారం మీటింగులో అనాల్సింది సార్."